పొలిమేర తాడుకు అవతల

పశువుల డాక్టరుగారు ఏలూరు నుంచి టీకామందు తెస్తున్నారన్న కబురు నాకు మొదట చెప్పింది చేపలమ్మే ఆవిడ. ఆయన పడవెక్కుతుంటే గుండుగొలనులో చూసిందట.

కొల్లేటి ఊళ్లలో ముసర రోగం గేదెల్ని ఊడ్చేస్తున్న రోజులవి. నాకు పాలు పడలేదు. నా చంటిదాన్ని బతికిస్తున్నది మా గేదె ఒక్కటే.

కానీ ఆ తెల్లవారే, రోగం ఊళ్లోకి రాకుండా అమ్మవారి పేరిట మా ఊరి పొలిమేర కట్టేశారు. దారికి అడ్డంగా వేపాకుల తాడు కట్టి, పశువుల్ని దాని కింద నుంచి దాటిస్తారు. మర్నాటి దాకా బయటివారు లోపలికి రాకూడదు, ఊరి నీళ్లు బయటికి పోకూడదు.

డాక్టరుగారు తాడుకు అవతల పొగమంచులో ఆగిపోయారు.

"ఎండెక్కితే మందు చుట్టూ పెట్టిన ఐసు కరిగిపోతుందండీ. రేపటికి మందు పనికిరాదు."

"ఏం మందండీ అది?" అన్నారు మా అత్తగారు.

"రోగాన్ని మేకల్లో పెంచి, పదును తగ్గించి తీసిందండీ."

"మేమూ అమ్మవారికి మేకనే ఇస్తామండీ!" అని నవ్వి, ఆవిడ ఊరిపెద్దల వైపు తిరిగారు. "ఆయన్ని లోపలికి పిలవొద్దు లెండి. మన గొడ్లే తాడు దాటి వెళ్తాయిగా. అక్కడే సూది వేస్తారు."

పెద్దలు తలూపారు. తెల్లటి మంచులోంచి గేదెలు కలలో నడిచినట్టు ఒక్కొక్కటే వచ్చి, మెడలు వంచి తాడు దాటాయి. మాది దాటేటప్పుడు కళ్లు మూసుకుని అమ్మవారికి దణ్ణం పెట్టుకున్నాను.

ఆ తల్లి దయవల్ల మా గేదె నిలిచింది, నా కూతురూ నిలిచింది. కట్టుబాటు వల్ల మేం గుక్కెడు మంచినీళ్లయినా ఇవ్వలేకపోయినా, నవ్వుతూనే పడవెక్కిన ఆ డాక్టరుగారిని, మీ ఇంట దీపం పెట్టేటప్పుడు ఒక్కసారి తలుచుకోండి.