ఛాయాదేవి కారు ఊపిరి

అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో ఆ వీధివాళ్ళకి ఛాయాదేవి కూరగాయలకి ఎప్పుడు బయల్దేరుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. ముందు గరాజ్ తలుపు లేచిన చప్పుడు వస్తుంది. తరువాత ఒక నిమిషం ఏమీ ఉండదు. ఆ నిమిషంలో ఆవిడ చోక్ లాగి, యాక్సిలరేటర్‌ని రెండుసార్లు తొక్కి, చున్నీ తలుపులో పడకుండా ఒళ్ళోకి లాక్కుంటుంది. అప్పుడు ఇంజన్ ఒకసారి దగ్గి, రెండోసారి గొంతు సవరించుకుని, మూడోసారికి అందుకుంటుంది. ఎదురింటి హంసిక ఆఫీస్ మీటింగ్‌లో ఉంటే వెంటనే మ్యూట్ నొక్కుతుంది. ఆ మోత ఏమిటో ఇప్పుడు హంసిక మేనేజర్‌కి కూడా తెలుసు.

కారుకి యాభై రెండేళ్ళు. ఎర్రటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, బట్ట పైకప్పు, కూర్చుంటే రోడ్డు మీదే కూర్చున్నట్టు ఉంటుంది. అలాంటి కార్లున్న మగవాళ్ళు దానికి దుప్పటి కప్పి పెట్టుకుని, ఏడాదికి నాలుగు ఆదివారాలు ప్రదర్శనకి తీసుకెళ్ళి, దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఛాయాదేవికి ఉన్నది అదొక్కటే కారు. గుడికీ అదే, పళ్ళ డాక్టరుకీ అదే, లైబ్రరీకీ అదే. మోరిస్‌విల్ ఇండియన్ స్టోర్‌లో కొన్న బియ్యం బస్తా పక్క సీట్లో బెల్టు పెట్టుకుని మర్యాదగా ఇంటికొస్తుంది. చలికాలం ఇడ్లీపిండి పొంగకపోతే ఆ గిన్నె తీసుకెళ్ళి, గేర్‌బాక్స్ వేడి తగిలే చోట కాళ్ళ దగ్గర పెట్టి, ఊరంతా ఓ చుట్టు తిరిగొస్తుంది. మొదటిసారి అలా చేసినప్పుడు, ఆవిడ తన మీద అలిగి వెళ్ళిపోయిందనుకుని భర్త గోపీనాథ్ అన్నం కూడా వండి పెట్టాడు.

గోపీనాథ్ మందుల కంపెనీలో స్టాటిస్టిక్స్ చేసి రిటైరైన మనిషి. ఆయనకొక తెల్ల కారుంది. రోడ్డు మీద గీత దాటితే అది కూస్తుంది, ముందు ఎవరైనా ఉంటే తనే ఆగుతుంది. ఎర్ర కారులో ఆయన ఒకే ఒక్కసారి, పక్క ఊరు రాలీ దాకా వెళ్ళొచ్చాడు. దిగి, "నాకు వెన్నెముక అనేది ఒకటుంది ఛాయా" అన్నాడు. మళ్ళీ ఎక్కలేదు. అది ముప్పై ఏళ్ళ కిందటి మాట.

ఛాయాదేవి గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి వచ్చింది. ముప్పై నాలుగేళ్ళు మత్తు డాక్టరుగా పనిచేసింది. ఆవిడ నేర్చుకునే రోజుల్లో ఆపరేషన్ గదినిండా మానిటర్లూ వాటి మీద గీతలూ లేవు. రోగి గుండె మీద స్టెతస్కోప్ అతికించి, దాని గొట్టం చివర ఒక్క చెవికి పెట్టుకునేవారు. ఆపరేషన్ ఎన్ని గంటలు జరిగినా అది అలా ఉండవలసిందే. కుడి చెవి సర్జన్ చెప్పేది వినడానికి, ఎడమ చెవి రోగికి. "మత్తు ఇవ్వడం పది నిమిషాల పని. మిగతాదంతా వినడమే" అనేది ఆవిడ, కొత్తగా చేరినవాళ్ళతో.

కారు దొరికింది కూడా అలాగే. అది ఆస్పత్రిలో ఒక సర్జన్‌ది. ముగ్గురు మెకానిక్కులు చూసినా దారికి రాక, ఒక సాయంత్రం పార్కింగ్‌లో ఉలికిపడుతూ నిలబడి ఉంది. పక్కనించి పోతున్న ఛాయాదేవి ఆగి, కాసేపు తల వంచి విని, "దీనికి రెండు ఊపిరితిత్తులుంటే ఒకటే పనిచేస్తోంది" అంది. ఆయన నవ్వాడు గానీ మాట నిజమే. ఇంజన్‌కి గాలి, పెట్రోలు కలిపి అందించే కార్బ్యురేటర్లు అందులో రెండున్నాయి. రెండూ సమానంగా పీలిస్తేనే అది నడుస్తుంది. మర్నాడు ఆవిడ పాత స్టెతస్కోప్ నుంచి ఒక రబ్బరు గొట్టం కోసి తెచ్చింది. ఒక చివర కార్బ్యురేటర్ నోటి దగ్గర, రెండో చివర ఎడమ చెవిలో. గాలి 'స్స్స్' అని లోపలికి పోయే చప్పుడు రెండింట్లోనూ ఒకేలా వినపడేదాకా స్క్రూలు తిప్పింది. సర్జన్ అదే నెలలో కారు ఆవిడకి అమ్మేశాడు. తక్కినదంతా పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కత్తే నేర్చుకుంది.

అప్పటినుంచీ ప్రతి ఏడూ ఏప్రిల్‌లో పైన్ చెట్ల పుప్పొడి రాలి, వీధంతా పసుపు చల్లినట్టయి, అది వానకి కొట్టుకుపోగానే ఛాయాదేవి బానెట్ ఎత్తి గొట్టం చెవిలో పెట్టుకునేది. అరగంట పని.

ఈ ఏడాది అది అరగంటలో తెమల్లేదు.

సరిచేసిన మర్నాడే కారు మొండికేసింది. సిగ్నల్ దగ్గర వణుకుతుంది, ఎత్తు ఎక్కుతుంటే మూలుగుతుంది, ఇంటికొచ్చేసరికి ఛాయాదేవి బట్టలన్నీ పెట్రోలు వాసన. మళ్ళీ సరిచేసింది. ఇంకా పాడైంది. ప్లగ్గులు మార్చింది, పెట్రోలు ఫిల్టర్ మార్చింది. నెలలో నాలుగోసారి గొట్టం పెట్టి చూసింది. రెండూ సమానంగానే ఉన్నాయి. మరి రోగమేమిటి?

మే నెలలో ఒకరోజు గుడికి వెళ్తుంటే, ఎడమకి తిరిగే లైన్లో నడిమధ్య ఆగిపోయింది. వెనక పెద్ద ట్రక్కు. అదృష్టవశాత్తూ రెండు కార్ల వెనకాల హంసిక ఉంది. ఇద్దరూ కలిసి కారుని పక్కకి తోశారు. హంసిక మంచిపిల్ల, ఏదీ కడుపులో దాచుకోలేదు. సాయంత్రానికల్లా షార్లట్‌లో ఉన్న ఛాయాదేవి కూతురు అవనికి సంగతి చేరింది.

"అమ్మా, ఇది క్యూట్ కాదు ఇంక" అంది అవని ఫోన్‌లో. "దట్ ట్రక్, నిన్ను చూడకపోతే?"

"చూశాడుగా."

"అమ్మా! నేను సీరియస్. విల్మింగ్టన్‌లో ఒకాయన ఉన్నాడు, ఓల్డ్ కార్స్ కలెక్ట్ చేస్తాడు. హీ విల్ టేక్ కేర్ ఆఫ్ ఇట్. సండే వస్తాడు. నేను కూడా వస్తా."

 ఉద్యోగం మానేశాక ఛాయాదేవి చెవి మీద ఆధారపడి బతుకుతున్నది ఈ లోకంలో ఆ కారు ఒక్కటే. ఈ మాట కూతురికి ఎలా చెప్పాలో తెలియలేదు.

"సరే రమ్మను" అంది చివరికి. "ఆదివారంలోగా నేను బాగుచేస్తే, కాఫీ ఇచ్చి పంపించేస్తాను. చెయ్యలేకపోతే తాళాలు ఇచ్చేస్తాను. మళ్ళీ నోరెత్తను."

"ప్రామిస్?"

"నేనెప్పుడన్నా మాట తప్పానుటే?"

శనివారం పొద్దున్న గరాజ్ తలుపు తెరిచి, ఇంజన్ నడుస్తుండగా ఐదోసారి గొట్టం పెట్టింది. ముందు కార్బ్యురేటర్ దగ్గర విన్నది. వెనకదాని దగ్గర విన్నది. తేడా లేదు. గోపీనాథ్ మజ్జిగ గ్లాసు పట్టుకొచ్చి, కింద పడున్న పెట్రోలు గుడ్డ మీద కాలు పడకుండా జాగ్రత్తగా నిలబడ్డాడు.

"ఏమిటి, వెనకది అంతలా బుసకొడుతోంది?"

"ఏది?"

"అదే, వెనకవైపుది. కుక్కర్ కూతకొచ్చే ముందు ఉంటుందే, అలా. ముందుది బానే ఉంది పాపం."

"రెండూ ఒకటేనండీ. ఇప్పుడే చూశాను."

"చెవి పెట్టి చూశావా?"

"ముక్కు పెట్టి చూస్తారా?" అంటూనే ఛాయాదేవి గొట్టం ఆయన చెవిలో పెట్టింది. ఆయన "అమ్మో!" అని వెనక్కి జరిగాడు. రెండో చివరని ముందుదాని దగ్గరకి తీసుకెళ్ళింది. ఆయన మొహం మామూలుగా ఉంది. వెనకదాని దగ్గరకి తెచ్చింది. ఆయన కళ్ళు చిట్లించి, తల పక్కకి వంచేశాడు. మళ్ళీ ముందు. మళ్ళీ వెనక. నలభై ఏళ్ళు అంకెలతో బతికినవాడు, లేని తేడాని ఉందనే రకం కాదు.

గొట్టం తీసుకుని తన ఎడమ చెవిలో పెట్టుకుంది. ముందుదాని దగ్గర ఏమీ లేదు. వెనకదాని దగ్గర ఏమీ లేదు. కుడి చెవికి మార్చింది. ఎక్కడో పక్కవీధిలో వాన పడుతున్నట్టు, ఉందా లేదా అన్నంత చప్పుడు.

రెండుచోట్లా ఏమీ వినపడకపోవడాన్ని నెల రోజులుగా ఆవిడ సమానం అనుకుంటోంది.

చెవిలో చప్పుడు ఆగిపోతే అంతా ప్రశాంతంగా ఉందని కాదు, గొట్టం ఊడిపోయిందని అర్థం, వెంటనే పరుగెత్తాలి అని ఎంతమంది కుర్ర డాక్టర్లకి నేర్పిందో లెక్కలేదు. ఇంజన్ ఆపి, బోర్లించిన బకెట్ మీద కూర్చుంది.

"మీకు ఎన్నాళ్ళనించీ తెలుసు?"

"కారు సంగతా?"

"నా సంగతి."

గోపీనాథ్ మజ్జిగ గ్లాసుని ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు. "రెండేళ్ళలో టీవీ సౌండ్ ఇరవై నించి ముప్పై ఎనిమిదికొచ్చింది."

"మరి చెప్పలేదేం?"

"డాక్టరువి. తెలిసే ఉంటుంది, పైకి అనడం ఇష్టంలేదు కాబోలు అనుకున్నాను." కాస్త ఆగి, "పైగా నేను కూనిరాగం తీస్తే ఈమధ్య నువ్వు విసుక్కోవడం కూడా మానేశావు. నాకు బాగానే ఉంది" అన్నాడు.

ఛాయాదేవికి నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. మోచేత్తో తుడుచుకుంది, చేతుల నిండా గ్రీజు కదా.

"ఇలా రండి. గొట్టం పెట్టుకోండి. నేను తిప్పుతాను, మీరు చెప్పండి."

"నాకేం తెలుసు?"

"బుస కొడుతోందని చెప్పారుగా. అదే తెలియాలి."

అలా మొదలై రెండు గంటలు పట్టింది. ఆయన "కొంచెం తగ్గించు" అంటాడు. "కొంచెం అంటే ఎంతండీ?" అంటుంది ఆవిడ. "తిప్పేది నువ్వు, నన్నడుగుతావేం?" అంటాడు. ఒకసారి "ఇప్పుడిది పాలు పొంగుతున్నట్టుంది" అన్నాడు. "పాలు పొంగితే మీకెప్పుడు వినపడింది, ముప్పైసార్లు స్టవ్ మీద పొంగబెట్టలేదూ?" అంది. నడుం పట్టేసిందని ఒకసారి ఆయన ఇంట్లోకి వెళ్ళిపోయి, తనే మళ్ళీ ముక్కాలిపీట తెచ్చుకుని వచ్చి కూర్చున్నాడు. ఆ తరువాత ఇద్దరూ మాట్లాడటం తగ్గించారు. ఆయన వేలు ఎత్తితే ఆవిడ స్క్రూ ఒక పిసరు తిప్పేది. వేలు దించితే ఆగేది. చివరికి ఆయన కళ్ళు మూసుకుని, గొట్టం నాలుగుసార్లు అటూ ఇటూ మార్చమని, "ఇంక తేడా చెప్పలేను ఛాయా" అన్నాడు.

చెప్పకముందే ఆవిడకి తెలిసింది. అరచెయ్యి ముందు చక్రం పైనుండే రేకు మీద ఆనించి ఉంచింది. కింద ఇంజన్ వణుకు పోయి, నిద్రపోతున్న మనిషి గుండెలా ఆడుతోంది.

ఆదివారం అవని వచ్చింది, విల్మింగ్టన్ పెద్దాయనా వచ్చాడు. ఛాయాదేవి తాళం తిప్పింది. మూడోసారి దాకా కూడా ఆగకుండా కారు అందుకుంది. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళి వచ్చింది. దిగాక ఆయన ఇంగ్లీషులో, ఈ కారుని ట్యూన్ చేసినవాళ్ళ ఫోన్ నంబర్ కావాలన్నాడు.

అవని చేతులు రెండూ పైకెత్తింది. "ఓకే ఓకే, యు విన్ అమ్మా. కాఫీ ఇచ్చి పంపించెయ్."

గెలిచింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. గోపీనాథ్ అప్పుడే కాఫీ కలపడానికి లోపలికి తిరిగాడు. ఆయన చెప్పే మనిషి కాదు. రెండేళ్ళు చెప్పనివాడు ఇంకో పదేళ్ళయినా చెప్పడు. ఛాయాదేవి తాళాలు కూతురి అరచేతిలో పెట్టింది.

"ట్యూన్ చేసింది మీ నాన్న చెవి. నా చెవి పోయింది అవనీ. ఎడమది దాదాపు పూర్తిగా. కారుకేం రోగం లేదు, నేనే నెల్లాళ్ళు దాన్ని పాడుచేస్తూ వచ్చాను."

అవని తాళాల వంక చూసింది, తల్లి వంక చూసింది. "అంటే... అంబులెన్స్ వస్తే నీకు వినపడదా?"

"అదే తెలియదు. మంగళవారం చెవి డాక్టరు దగ్గరకి వెళ్తున్నాను. అద్దాల్లో చూసుకుంటూ నడపమంటే నడుపుతాను, మిషన్ పెట్టుకోమంటే పెట్టుకుంటాను. వద్దంటే ఈయన నంబర్ ఉందిగా, నేనే పిలుస్తాను. డాక్టరు చెప్పేదాకా అవి నీ దగ్గరుంచు."

విల్మింగ్టన్ ఆయనకి తెలుగు రాకపోయినా, మర్యాదగా బానెట్ వైపు తిరిగి నిలబడ్డాడు. అవని చాలాసేపు తాళాలని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"మంగళవారం ఎలా వెళ్తావ్? నాన్న కార్‌లోనా?"

"దీన్లోనే వెళ్తుంది" అన్నాడు గోపీనాథ్ గుమ్మంలోంచి. "నేను పక్కన కూర్చుంటాను."

"నాన్నా, నీ బ్యాక్?"

"నా వెన్నెముక సంగతి నేను చూసుకుంటాలే."

అవని నవ్వలేదు గానీ తాళాలు తల్లికి తిరిగి ఇచ్చేసింది.

మంగళవారం పొద్దున్న గోపీనాథ్ రెండు దిళ్ళు తెచ్చుకుని, ఒకటి కిందా ఒకటి వెనకా సర్దుకుని, గడపలో కూర్చున్నట్టు మోకాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. వీధి దాటగానే పని మొదలుపెట్టాడు.

"కుడివైపు లారీ. వెనకాల మోటార్ సైకిల్, దూరంగా. ఎక్కడో సైరన్... కాదు కాదు, స్కూలు బెల్లు."

"ఊఁ."

"ఎవరో హారన్ కొడుతున్నారు."

"అది నాకూ వినపడిందండీ. సిగ్నల్ పచ్చబడినా మీ మాటలు వింటూ నేను బయల్దేరలేదని వెనకవాడు కొడుతున్నాడు."

"మరి కదలవేం?"

"మీరు చెప్పడం అయిందేమోనని" అని ఛాయాదేవి మొదటి గేరు వేసింది.