ఎడ్ల పాతర

మొన్నటి వానకి ఖమ్మంలో మా వీధి మొగలో రోడ్డు కుంగి, ఆటో పట్టేంత గుంట పడింది. తెల్లారేసరికి కుర్రాళ్లంతా ఫోన్లు పట్టుకుని ఫోటోలు తీస్తుంటే, నేను బిందెడు నీళ్లు మోసుకెళ్లి అందులో కుమ్మరించి, నిలుస్తాయా, ఇంకుతాయా అని చూస్తూ నిలబడ్డాను. ఈవిడకేమైందని పక్కింటి కోడలు మా ఆయన్ని అడిగితే, రిటైరైనా వదలని జబ్బులే అన్నారట. ఆ జబ్బు నాకెక్కడ అంటుకుందో మన వయసు వాళ్లకి చెప్పుకుంటే ముచ్చటగా ఉంటుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నలభై దగ్గరపడుతుండగా పటాలు గీసే ఉద్యోగంలో చేరాను. కారేపల్లి దాటి భద్రాచలం వైపు అడవి అంచుల్లో నేల కుంగే చోట్లన్నీ వెతికి, రకాలుగా విడదీసి, పటం మీదికెక్కించాలన్నారు. మాకిచ్చిన పుస్తకమేమో ఎక్కడో జిప్సం కొండల కోసం రాసింది, మా కాళ్ల కింద ఉన్నది సున్నపురాయి. అయినా రెండూ నీళ్లకి కరిగి లోపల డొల్ల పడేవే కదా అని పెద్ద సారు దాన్నే మాకు పాఠంగా చెప్పేవారు. ఇంకా కుంగుతున్న గుంటకి ఎరుపు, అనుమానమున్న దానికి పసుపు, స్థిరపడ్డ దానికి ఆకుపచ్చ, మనుషులు తవ్వుకున్న దానికి ఏ రంగూ లేదు. పొద్దున్నే జీపెక్కి, టేపూ దిక్సూచీ పట్టుకుని, ఇప్పచెట్ల మధ్య కొత్త గుంట కనబడితే చాలు, నిధి దొరికినట్టు కేకలు వేసేదాన్ని. ఇంట్లో వంటకి వంగితే నొప్పెట్టే నడుము అక్కడ గుర్తే వచ్చేది కాదు.

ఒక గూడెం పక్కన బడికి కొత్త గదులు కట్టబోయే జాగాలో, గడ్డి మొలిచిన పల్లం ఒకటి గుండ్రంగా, తీర్చినట్టు ఉంది. ఇదేమిటని గూడెం పెద్దని అడిగితే, దూరం నుంచే ఎడ్ల పాతర అన్నాడు. నేలకొండపల్లిలో మా తాతగారి వాకిట్లో జొన్నలు పోసిన పాతర మూత మీద ఆడుకున్న దాన్ని, నాకు పాతర సంగతి ఒకరు చెప్పాలా? ఎడ్ల దాణా దాచుకున్న గొయ్యి కాబోలని రాసుకుని, రంగు వెయ్యకుండా వదిలేశాను.

వారం తర్వాత, పటం అప్పజెప్పే రోజున, ఆఖరిసారి కొలతలు సరిచూడ్డానికి మళ్లీ వెళ్లాం. అప్పటికే పునాదులకి ముగ్గు పోసి ఉంది. గూడెం పెద్దకి అక్కగారు, డెబ్బై ఏళ్ల మనిషి, ఆ ముగ్గు వంక చూస్తూ ఇక్కడ ఎందుకు కడుతున్నారని అడిగింది. భయం లేదవ్వా, ఇది మీ గింజల పాతరే కదా అని నేను గొప్పగా చెప్పాను. ఆమె ముందు నవ్వింది, తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“పాతరేసేటన్ని గింజలు మాకెన్నడు పండినయి బిడ్డా? నా రెండెడ్లు అరకతోటి గీడనే దిగబడ్డయి. భూమే పాతరేసింది.”

సిగ్గుతో నా తల వాలిపోయింది. అడవిలో పోడు కొట్టుకుని బతికే గూడేనికి మా తాతగారి వాకిలి అంటగట్టాను. కింద డొల్లుంటే నీళ్లు నిలవవు, పోసి చూద్దామన్నాను. ఆడవాళ్లు బోరింగు దగ్గర్నుంచి బిందెలు తెచ్చి ఆ పల్లంలో ఒకదాని వెంట ఒకటి కుమ్మరించారు. పదిహేను బిందెలు పోసినా మడుగు కట్టలేదు, కింద ఎక్కడో గుడగుడమని చప్పుడు వినిపించింది. ఆ క్షణాన నాకు కలిగింది భయమో సంతోషమో ఇప్పటికీ తేల్చుకోలేను గానీ, చెప్పులు చేత పట్టుకుని జీపు దాకా పరుగెత్తడం మాత్రం గుర్తుంది. ఖమ్మం చేరేసరికి పెద్ద సారు సంతకానికి పెన్ను తీస్తున్నారు. జరిగిందంతా చెబితే కోప్పడలేదు, ఆ పెన్ను పక్కనబెట్టి ఎర్ర పెన్సిలు నా చేతికిచ్చారు. మర్నాటి నుంచి మా ఫారంలో, ఊరివాళ్లు దీన్నేమంటారు, ఎందుకంటారు అని ఒక కొత్త గడి చేరింది. ఆ ఎండాకాలమంతా గుంటల పేర్లు అడుగుతూ తిరిగాను, అంత సంబరంగా మళ్లీ ఎన్నడూ పని చెయ్యలేదు.

బడి గదులు అవతల రాతిగట్టు మీద కట్టారు, ఈనాటికీ చెక్కు చెదరలేదు. అచ్చయిన పటంలో మాత్రం చోటు చాలక ఆ పేర్లు ఎత్తేశారు, రంగులే మిగిలాయి.

ఇప్పుడు మా మేనకోడలు ఆ బడిలోనే టీచరు. మా వీధి గుంట ముచ్చట చెబుతూ, ఎడ్ల పాతర ఎలా ఉందని మొన్న ఫోన్లో అడిగాను. అలాంటి చోటేదీ తెలియదంది. పిల్లల్ని అడిగి మళ్లీ ఫోన్ చేసింది. ఆ అవ్వ పోయి చాలా ఏళ్లయిందట, కంచె వేసిన ఆ పల్లాన్ని పిల్లలందరూ రెడ్ జోన్ అంటారట. ఎడ్లని భూమి మింగింది. వాటి పేరుని మింగింది నా ఎర్ర పెన్సిలే.