గడపకు జానెడు పైన ఆగిన చాంఫర్

2022 వేసవి. సూర్యాపేటలో నేను సీఎన్‌సీ, అంటే కంప్యూటర్‌తో చెక్క కోసే మిషన్, షెడ్డు పెట్టి రెండో ఏడు. ఏడో తరగతి సగంలో బడి మానేసిన నేను కంప్యూటర్‌లో దర్వాజలు గీస్తున్నానని తెలిసి, మా లెక్కల సారు తన ఇంటి దర్వాజ వేరే చోట చేయించుకున్నారు. ఆయన లెక్క ఎప్పుడూ తప్పదు.

ఆ వేసవిలోనే మిర్యాలగూడ వడ్రంగి నర్సింహాచారి కాక ఒక పని తెచ్చాడు. కోదాడలో బియ్యం వ్యాపారి కట్టుకుంటున్న ఇంటికి దర్వాజ. నిలువు చెక్కలు రెండూ ఆ ఇంటివాళ్లు ఏళ్లుగా ఆరబెట్టి దాచుకున్న టేకు. ఎల్లుండి పొద్దున్నే ద్వారం ఎత్తే ముహూర్తం. చెడితే మరో జత లేదు.

లతలు చెక్కి, లోపలి అంచులకు చాంఫర్ వేయాలి. అంటే అంచు పదును పోయేలా వాలుగా కోయడం. గడపకు జానెడు పైనే అది ఆగాలని కాక చెప్పాడు. నేను డిజైన్ గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో చాంఫర్ కమాండ్ తీసుకుని అంచు మీద నొక్కాను. ఆ కమాండ్ అంచు మొత్తాన్నీ పట్టుకుంటుంది. తెర మీద అందంగానే ఉంది, జానెడుకు ఏమవుతుందిలే అనుకున్నాను.

కాక ముందు వేపచెక్క మీద కోయమన్నాడు. మిషన్‌కు రిహార్సల్ ఎందుకని నవ్వుతూనే కోశాను. ఆయన ఆ ముక్కను ఒక పాత గడపచెక్కలో బిగించాడు. మూలన మూడు కోణాల సందు. నా చిటికెన వేలి గోరు అందులోకి పోయింది.

“వారం వారం గడప కడిగి పసుపు రాస్తరు. నీళ్లన్నీ గీ సందులకే పోతయ్. టేకైనా ఎన్నేండ్లు ఆగుతది?”

నా నవ్వు ఆగింది. మరి చేత్తో ఎట్లా చేస్తావని అడిగాను. పెన్సిల్‌తో అంచు మీద రెండు గీతలు పెట్టి, “గీడ మొదలు, గీడ ఖతం. నడుమనే ఉలి,” అన్నాడు.

నేనూ అదే చేశాను. చాంఫర్ కమాండ్ వదిలేసి, పై గీత దగ్గర చిన్న త్రికోణం గీసి, కింది గీత దాకా మాత్రమే అంచు వెంట కోయించాను. దీన్ని స్వీప్ కట్ అంటారు. కొసలను కాక ఉలితో నునుపు చేశాడు. అప్పటినుంచి ఏ పనికైనా కోత ఎంత లోతో అడిగేముందు ఎక్కడ ఆగాలో అడుగుతున్నాను.

ముహూర్తం నాడు కోదాడలో దర్వాజ గడపలో సందు లేకుండా కూర్చుంది. పనిలో ఏది కష్టమైందండీ అని ఇంటాయన అడిగారు. అంచును మధ్యలో ఆపడమే అన్నాను.

పక్కనే ఉలి తుడుచుకుంటున్న కాక తలెత్తకుండానే అన్నాడు: “బడి నడుమల ఆపుడైతే ఎవ్వల్నీ అడగకుంటనే వచ్చింది గదా తమ్మీ.”