సింగపూరు గుండు

ఆ రోజుల్లో కర్నూలులో ఎవరైనా సరదాగా విదేశం చూసి రావడానికి పోతున్నారంటే, వాళ్ళు విమానం ఎక్కకముందే నాకు కడుపు మండేది. మండదా మరి? కొత్త బస్టాండు దగ్గర ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసులో వాళ్ళ వీసా ఫారాలు నింపడమే నా మొదటి ఉద్యోగం. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలలైనా గడువుండాలి, ఫోటోలో వెనక గోడ తెల్లగా ఉండాలి, తిరుగు టికెట్టు చూపించాలి అని వచ్చినవాళ్ళకల్లా పెద్దమనిషిలా చెప్పేవాణ్ణి. (నేను చూసిన దూరదేశం బళ్ళారి ఒక్కటే. దానికి వీసా అడగరు.)

అలా మండుతున్న రోజుల్లోనే కోయిలకుంట్ల నుంచి మా పెదనాయన కొడుకు, వదినను వెంటబెట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. మా ఇళ్ళల్లో మొదటి మోటారు సైకిలు ఆయనదే, మొదటి ఏసీ ఆయనదే, ఇప్పుడు సింగపూరూ ఆయనదే. వీటన్నిటికీ మించి ఆయన మీసం. పాతికేళ్ళు వచ్చినా నా పెదవి మీద నూగు తప్ప ఏమీ లేదు. ఆయన తన మీసం దువ్వుకుంటూ అడిగాడు.

"ఏమప్పా, తిరుపతిలో మొక్కు తీర్చుకోనొచ్చినాక తీయించిన పాస్‌పోర్టు ఇది. దీంట్లో గుండు ఉండాది, మీసం లేదు. ఆడ ఏమన్నా అంటారా?"

ఏమీ అనరు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. కానీ సముద్రం ముందు ఆ మీసంతో ఆయన దిగబోయే ఫోటోలన్నీ కళ్ళముందు తిరిగి, నా నోరు నా మాట వినలేదు.

"అంటారన్నా. మనిషి ఫోటోలో మాదిరే ఉండల్ల. లేకుంటే ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి పంపుతారు."

"మీసం కూడా తీయల్లనా?"

"మీసమే ముఖ్యం."

"మళ్ళా ఆ మొగం చూడల్లనా నేను" అని వదిన నిట్టూర్చింది.

వారం తిరక్కముందే ఆయన నున్నటి గుండుతో వచ్చి, "నువ్వు చెప్పినట్టే చేసినా. ఇంక భయం లేదు గదా?" అన్నాడు. అంత పెద్ద మనిషి నా మాట నమ్మి అలా కూర్చుంటే శానా సిగ్గేసింది. నిజం చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ "నీళ్ళు తాగుతావా అన్నా" అనే వచ్చింది.

వీసా వచ్చింది, వాళ్ళు పోయొచ్చారు. ఫోటోల్లో ఆ గుండుతోనే సముద్రం ముందు చెవులదాకా నవ్వుతున్నాడు. నేను పోగొట్టాననుకున్నది ఆయనకు లెక్కలోనే లేదు. పైగా, "మా తమ్ముడు ముందే చెప్పబట్టి సరిపోయింది, ఆడ ఒక్క మాట అడగలే" అని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ మెప్పు భరించడం అసూయ కంటే కష్టమయింది.

ఇన్నేళ్ళకు, పోయిన ఏడు, ఆయనే బలవంతపెట్టి నన్నూ సింగపూరుకు వెంట తీసుకుపోయాడు. నా పాస్‌పోర్టు ఫోటోలో తలనిండా జుట్టు. వరుసలో నిలబడిన నాకు బట్టతల. కౌంటర్‌లో అమ్మాయి ఒకసారి తలెత్తి చూసి పాస్‌పోర్టు చేతికిచ్చేసింది.

వెనకే వచ్చిన అన్న, "నిన్నేమీ అడగలేదేమప్పా?" అన్నాడు.

"రూలు మారిందన్నా."

ఆయన నెరిసిన మీసం మెల్లగా దువ్వుకుని, "అది ఎప్పుడో మారినట్టుండాది" అంటూ నా భుజం మీద చెయ్యేసి ముందుకు నడిపించాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఆ మీసం మీద అసూయ మాత్రం ఇప్పటికీ పోలేదు.