పాతో మొదలయ్యే ఊళ్ళు

నా చిన్నప్పుడు జరిగిన ఒక వీరగాథ చెబుతాను. అందులో దారి తప్పిన ప్రయాణం ఉంది, ఘోరమైన శిక్ష ఉంది, అన్నీ తెలిసిన ఒక మహాశక్తి ఉంది. ఇలా మొదలుపెడితేనే మా మేనకోడలు ఫోను పక్కన పెడుతుంది. నిజానికి అందులో ఉన్నది ఎనిమిదేళ్ళ పిరికివాడు, మా మామ్మ, ఒక డొక్కు బస్సు. నాకింకా ముప్పై నిండలేదు గానీ, ఒకటో తరగతి పిల్ల ముందు నేను ముసలివాణ్ణే.

చదవడం రానివాడు తడుముకుంటాడని అందరూ అనుకుంటారు. మూడో తరగతిలో నేను అందరికంటే వేగంగా చదివేవాణ్ణి. అంతకుముందు ఏడాది పక్కింటి అక్క అవే పాఠాలు గోడ అవతల నుంచి గొంతెత్తి చదివేది, అవి నాకు నోటికి వచ్చేశాయి. తెలియని మాట ఎదురైతే మొదటి అక్షరం చూసేవాణ్ణి, మిగతాది నా ఇష్టం. తడుముకుంటే క్లాసు నవ్వుతుంది. దూకేస్తే ఎవరికీ తెలియదు. అలా దూకి దూకి, ఒకరోజు మాస్టారు ఇచ్చిన కొత్త కాగితం మీద బోర్లా పడ్డాను. ఆయన కొట్టలేదు, కొట్టినా బాగుండేది. సోమవారం ఇలాంటిదే ఇంకో కాగితం ఇస్తాననీ, అదీ చదవలేకపోతే రెండో తరగతిలో కూర్చోబెడతాననీ మెల్లగా చెప్పారు.

రెండో తరగతిలో మా చెల్లి ఉంది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. క్యాలెండరు వేలాడే గోడ వైపు చూడాలన్నా భయమే. విషయం ఎలా తెలిసిందో గానీ, చెల్లి మాత్రం తన పక్కన నాకు చోటు తుడిచి ఉంచానని చెప్పింది.

ఆదివారం పొద్దున్నే మామ్మ పాతపట్నంలో ఉన్న తన చెల్లెలిని చూడ్డానికి నన్ను వెంట తీసుకెళ్ళింది. శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సులో నిలబడి, నీకు సదువొచ్చు కదా, మన బస్సేదో నువ్వే సూడు అంది. బస్సు కదిలి వస్తూంది, బోర్డు మీద అక్షరాలు ఊగుతున్నాయి, నా గుండె చప్పుడు తప్ప నాకేమీ వినబడటం లేదు. "పా" కనబడింది. పాతపట్నం అనేశాను. మామ్మ ఒక్కసారి నా మొహంలోకి చూసి బస్సెక్కింది. కండక్టరుతో ఏదో మెల్లగా చెప్పి టిక్కెట్లు తీసుకుంది.

పాతపట్నం వెళ్ళాలంటే వంశధార నది దాటాలి. నేను కిటికీలోంచి మెడ చాపి, దారిలో వచ్చిన ప్రతి కల్వర్టునీ వంశధార అని నమ్మడానికి ప్రయత్నించాను. చెబితే చదువు రాదని బయటపడుతుంది. చెప్పకపోతే మామ్మను తీసుకెళ్ళి ఏ దేశంలో దింపుతానో తెలియదు. చివరికి ఆమదాలవలస రైల్వేస్టేషను కనబడేసరికి ఏడుపు తన్నుకొచ్చింది.

"మామ్మా, ఇది మన బస్సు కాదు."

"నానూ అదే అనుకుంటన్నాను."

"ఎప్పట్నుంచి?"

"ఎక్కకముందు నుంచి." పమిట చెంగుతో నా ముక్కు తుడిచింది. "నాకొచ్చినది పా ఒక్కటేరా. ఆ ఒక్కదాంతోటే ఇన్నేళ్ళు సదివినట్టు నటించినాను. నీకూ ఒక్కటే వొచ్చేటి?"

ఆమె తీసుకున్న టిక్కెట్లు కూడా ఆమదాలవలస వరకేనని దిగాక తెలిసింది. ఇదంతా ఆమెకు ముందే ఎలా తెలిసిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

తిరుగు బస్సు వచ్చేలోపు రోడ్డు వెంట దుకాణాల బోర్డులన్నీ చదివించింది. అక్షరాలు రాని మనిషి తప్పెలా పట్టుకుంటుందని లోపల కొంచెం ధైర్యపడ్డాను. మొదటి బోర్డుకే "ఎముకల దుకాణం" అని దూకేశాను. మామ్మ లోపలికి తొంగి చూసింది.

"ఎవలి ఎముకల్రా? బస్తాలున్నాయి. సివరి దాకా సూసి సెప్పు."

వేలు పెట్టి కూడబలుక్కున్నాను. ఎ, రు, వు, లు. ఎరువులు. బస్తాలు ఒప్పుకున్నాయి. మందుల షాపన్నాను, సీసాలున్నాయో లేదో చూసి తలూపింది. టైలరన్నాను, మిషను చప్పుడు విని సరే అంది. వీధి చివరి దాకా వెళ్ళి, వెనక్కి వస్తూ అవే మళ్ళీ చదివించింది. రెండోసారి ఎరువుల దగ్గర వేలు అవసరం పడలేదు. నెమ్మదిగా చదివినందుకు ఆ వీధిలో ఎవరూ నవ్వలేదు. ఒక కుక్క వెంటపడింది, అది వేరే కారణానికి.

సోమవారం కాగితం అందుకుని మొదటి అక్షరం మీద వేలు పెట్టాను. ఈసారి దూకలేదు. నాలుగు వాక్యాలకు నేను తీసుకున్న సమయంలో మాస్టారు రెండుసార్లు కళ్ళజోడు తుడుచుకున్నారు. క్లాసు నవ్వింది, కాసేపటికి విసుగొచ్చి మానేసింది. చివరి అక్షరం దాకా వెళ్ళాక ఆయన కాగితం వెనక్కి తీసుకుని, నీ చోట్లో కూర్చోమన్నారు. చెల్లి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పటికీ ఏ బోర్డయినా చివరి అక్షరం దాకా చూడనిదే నా కాలు కదలదు. మా మేనకోడలు చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోతే అందించను. దాని కళ్ళల్లో ఆ పాత భయం కనబడితే, దుకాణంలో ఏముందో చూడమంటాను.

మామ్మకున్న మహాశక్తి ఏమిటో పెద్దయ్యాక ఒకసారి అడిగాను. ఆ రోజు కండక్టరు తలుపు దగ్గర నిలబడి "పాలకొండ, పాలకొండ" అని అరుస్తూనే ఉన్నాడట.