ఉమ్ సమీర్ ఇంట్లో నా ఎంగిలి కంచం

పండూ, శుక్రవారం శుక్రవారం నీకు అన్నం పెట్టిన ఇల్లు చూడాలని ఖతార్ దాకా వచ్చానురా.

చదివేవాళ్ళకు చెబుతున్నాను. పండు అంటే నా ఒక్కగానొక్క కొడుకు రమేశ్. ఇక్కడ బిర్కత్ అల్ అవామిర్ అనేచోట కూలీల క్యాంపులో ఉండి మేడలు కట్టే పని చేసేవాడు. ఏడు నెలల కింద నిద్రలోనే గుండె ఆగింది. పోయేముందు ఫోన్‌లో ఒకటే పోరు, "లావణ్యను టిఫిన్ బండి పెట్టుకోనియ్యవే అమ్మా" అని. కోడలు బస్టాండులో నిలబడితే ఇజ్జత్ పోతుందని నేను ఒప్పుకోలేదు. నేను బయలుదేరే రోజు లావణ్య మళ్ళీ అడిగింది. జవాబు చెప్పకుండానే విమానం ఎక్కాను.

క్యాంపులో వాడు పడుకున్న మంచం చూసుకొని, శుక్రవారం నమాజు అయ్యాక పన్నెండున్నరకు ఖాజా కారెక్కాను. కోరుట్ల మనిషి, ఇక్కడ ఇరవై ఏళ్ళుగా డ్రైవరు. ఆ ఇల్లున్న ఉమ్ ఘువైలినా పేటకు ముప్పావు గంట, అరవై రియాళ్ళు. దారి పొడవునా చమురు డబ్బుతో లేస్తున్న మేడలే. "వీటిల నా కొడుకు కట్టింది ఏదో?" అన్నాను. "అన్నిట్ల జరంత ఉంటది తియ్యమ్మా," అన్నాడు.

మూడో అంతస్తులో తలుపు తీసినావిడ సిరియా మనిషి. యుద్ధంలో ఇల్లు కూలితే కట్టుబట్టలతో వచ్చింది. అందరూ ఉమ్ సమీర్ అంటారు, అంటే సమీర్ తల్లి. వాళ్ళలో తల్లిని కొడుకు పేరుతోనే పిలుస్తారట. నన్ను గట్టిగా పట్టుకొని "ఉమ్ రమేశ్" అంది.

పప్పు, బియ్యం కలిపి వండి, పైన ఎర్రగా వేయించిన ఉల్లిగడ్డ వేసి పెట్టింది. మన కిచిడీ లాంటిదే, కారం ఉండదు. తిన్నాక ఆమె భర్త అబూ సమీర్ నా కంచం అందుకున్నాడు. నేను వదల్లేదు.

"నా ఎంగిలి కంచం మొగోడు ఎత్తుడేంది? పాపం తగుల్తది!"

చెరో పక్క లాగుతుంటే, నాతో పైకొచ్చిన ఖాజా పడీపడీ నవ్వాడు. ఉమ్ సమీర్ అరబీలో చెప్పిందంతా నాకు తెలుగులో చెప్పాడు.

"వాళ్ళ ఊర్ల ఉన్నప్పుడు ఈయన నీళ్ళు గూడ ముంచుకొని తాగలేదటమ్మా. ఇటొచ్చినంక పని దొరకలే. ఈమె క్యాంపోళ్ళకు వండి అమ్ముడు షురూ చేసింది. పెండ్లాం సంపాదన తింటున్ననని ఈయన గోడ దిక్కు మొఖం పెట్టి కూసునేటోడు. నెలలకు నెలలు మాటల్లేవు. ఒకనాడు మీ రమేశ్ తిన్న పళ్ళెం తనే కడగవట్టిండు. వీళ్ళల్ల ఇంటికొచ్చిన మెహమాన్ పనిచేస్తె ఇంటాయనకు పెద్ద సిగ్గు. దిగ్గున లేచి గుంజుకున్నడు. ఆనాటి సంది గిన్నెలన్నీ ఈయనే తోముతడు."

అబూ సమీర్ మధ్యలో ఏదో అన్నాడు. "తోముకుంట తోముకుంట పెండ్లాంతోని మళ్ళ మాట్లాడిండట. ఉప్పెక్కువైంది అని, మొదటి మాట గదేనట!" అన్నాడు ఖాజా. ఉమ్ సమీర్ తడిగుడ్డ తీసి భర్త మీదికి విసిరింది.

ఇంట్లో నా కొడుకును నేను ఏనాడూ కంచం ఎత్తనివ్వలేదు. మొగపిల్లాడని. ఇక్కడ వాడు ఎత్తాడు. ఊరూ ఇల్లూ పోయాక, ఎవరు వండాలి ఎవరు తేవాలి అనే పంతం కూడా వదిలేశారు కాబట్టే ఆ ఇద్దరూ కలిసున్నారు. నా ఇంట్లో మనిషే పోయాడు, నేను ఇజ్జత్ పట్టుకొని కూర్చున్నాను. వాళ్ళింటి నుంచి దిగుతూ మెట్ల మీదే కూర్చొని లావణ్యకు ఫోన్ చేశాను. "బండి పెట్టుకోవే బిడ్డా. గిన్నెలు నేను తోముత." అటు నుంచి ఏడుపే వినబడింది.

ఖతార్ వెళ్ళేవాళ్ళకు ఒక మాట. శుక్రవారం నమాజు అయ్యేదాకా దుకాణాలు, హోటళ్ళు మూసే ఉంటాయి, ఆ తర్వాతే బయలుదేరండి. పని ఎంతున్నా వేళకు కడుపునిండా తినండి.