కుడితి గోలెంలో బగారన్నం

సోమవారం పొద్దున కృష్ణమ్మ పొయ్యి అంటించలేదు. చెంగిచెర్లలో ఆ ఇంటి పొయ్యి చల్లగా ఉండడం తన తండ్రి పోయిన రోజు తర్వాత మళ్లీ ఇప్పుడే చూశానని కొడుకు గోవర్ధన్ అన్నాడు.

కారణం కొట్టంలో పడి ఉంది. బర్రె. ముందుకాళ్లు మడుచుకుని, మెడ పక్కకు వాల్చి, డోలులా బిగిసిన కడుపుతో పళ్లు కొరుకుతోంది. నెమరు లేదు. నీళ్లలాంటి పేడ, దానికి పులిసిన పిండి వాసన. పాలు పితకడానికి వచ్చిన కృష్ణమ్మ చెంబు పక్కన పెట్టి దాని మెడ నిమిరింది.

"లే లచ్చీ. లే బిడ్డా. ఏం దిన్నవే నువ్వు?"

జవాబు ఎదురుగా కుడితి తొట్టిలో, ఆ గోలెంలోనే ఉంది. అడుగున బిర్యానీ ఆకులు, లవంగాలు, ఎర్రగా వేగిన ఉల్లిపాయ ముక్కలు, అంచులకు అంటుకున్న మెతుకులు. బగారన్నం.

కృష్ణమ్మది ఈ ఊరి పాత కుటుంబం. చెంగిచెర్లను ఊరు అనే రోజుల్లో వాళ్లకు జొన్న చేను ఉండేది. చేను ప్లాట్లయింది. మిగిలింది పెంకుటిల్లు, కొట్టం, వెనక కాస్త పెరడు. గోడకు అవతల ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. గేటు పక్క గోడ మీద ఆవూ దూడా బొమ్మ రంగుల్లో వేయించుకున్నారు. గోడకు ఇవతల ఉన్న నిజం బర్రె గురించి మాత్రం వాళ్ల వాట్సాప్ గ్రూపులో నెలకోసారి ఫిర్యాదు వస్తుంది.

అరవై దాటిన ఈ మనిషి దుకాణంలో కొనేది జొన్నలు, మక్కలు, తవుడు, ఉప్పు, బెల్లం, టీ పొడి, రేషన్ అందనప్పుడు బియ్యం. మిగతాదంతా కొట్టం చుట్టూ తిరుగుతుంది. పేడ పిడకలవుతుంది, పిడకలు పొయ్యిలోకి పోతాయి. పొయ్యి బూడిద వంకాయ మొక్కల మీద చల్లితే పురుగు ఆగుతుంది. మాగిన పెంటకు గోంగూర, బీర, సొర విరగకాస్తాయి. పొద్దున జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం; మధ్యాహ్నం అన్నం, పచ్చిపులుసు; రాత్రి మక్క గటకలో చల్ల. గ్యాస్ బండ ఇంట్లో ఉంది. అది కోడలిది. కోడలు కాన్పుకు పుట్టింటికి పోయాక దాని మీద టీ తప్ప ఏమీ కాగలేదు.

ఇంత సంసారాన్ని నడిపే బర్రెకు సగం తిండి ఎక్కడిదంటే, ఆ అపార్ట్‌మెంట్‌దే. గేటు పక్కన వాచ్‌మన్ గది దగ్గర కృష్ణమ్మ నీలం డ్రమ్ము పెట్టింది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల చెక్కులు అందులో పోస్తారు. పొద్దునా సాయంత్రం తెచ్చుకుని తవుడు కలిపి కుడితి పెడుతుంది. బదులుగా, చల్ల చేసిన రోజున గిన్నె పట్టుకొచ్చిన ప్రతి ఇంటికీ చల్ల. డబ్బు మాట ఎన్నడూ రాలేదు. కొత్తగా దిగిన ప్రతి ఇంటి ఆడమనిషికీ ఆమె స్వయంగా చెబుతుంది: సబ్బు నీళ్లు వద్దు, మాంసం బొక్కలు వద్దు, వండిన అన్నం పిడికెడు మించి వద్దు. అందరూ తలలూపుతారు. తల ఊపడానికి ఖర్చేమీ లేదు కదా.

ఆదివారం ఆమె కీసరలో చెల్లెలి ఇంట్లో ఉంది, ఎండుగడ్డి బేరం మాట్లాడి రావడానికి. గోవర్ధన్ మధ్యాహ్నం గడ్డి వేసి, నాచారంలో ఫ్యాక్టరీకి సెకండ్ షిఫ్ట్‌కు వెళ్లాడు. వచ్చి తిని పడుకున్నాడు. ఆమె పొద్దున మొదటి బస్సులో దిగింది.

గోలెం చూశాక నేరుగా వాచ్‌మన్ బిక్షపతి దగ్గరికి పోయింది.

"ఎవలు పోసిన్రు గిది?"

"నేను గాదు అవ్వా, ఒట్టు. మూడో అంతస్తు స్వర్ణలత మేడమోళ్ల బాబుది మొదటి పుట్టినరోజుండె. సెల్లార్ల వంటలు వెట్టిన్రు. అన్నం మస్తు మిగిలింది. డ్రమ్ముల వట్టలేదని వంటోళ్లతోని గంగాళాలే మోయించి మీ కొట్టంల పోయించింది."

"నువ్వేం జేస్తున్నవ్?"

"జూస్తున్న."

"మంచిగ జూసినవ్. ఇంటోళ్లు లేని కొట్టంల జొరవడితే ఆపనోనివి వాచ్‌మన్ ఎట్లయితవ్ర?"

బిక్షపతి తల గోక్కున్నాడు. వీడియో కూడా తీశారని చెప్పాడు.

పశువుల డాక్టరమ్మ వచ్చేసరికి బర్రె కళ్లు లోపలికి పోయాయి. ఆమె ముక్కులోంచి గొట్టం వేసి సోడా కలిపిన నీళ్లు పట్టింది, సెలైన్ ఎక్కించింది, సూదులు వేసింది. "దీనికి విషం ఎవరూ పెట్టలేదు. ఇంత అన్నం ఒక్కసారి పడితే లోపల పులిసి అదే విషమవుతుంది. గురువారంలోగా లేచి నిలబడితే బతికినట్టు," అంది. ఏడాదిలో ఇలాంటి పశువుల్ని ఎన్నిటిని చూస్తారని గోవర్ధన్ అడిగితే, "పెళ్లిళ్ల సీజన్‌లో అడగొద్దు," అని సంచీ సర్దుకుంది.

ఆ మధ్యాహ్నం తల్లీకొడుకూ హోటల్ ఇడ్లీ తిన్నారు. తింటూ గోవర్ధన్ ఫోన్ చూపించాడు. అపార్ట్‌మెంట్ గ్రూపులోది ఎవరో పంపారు. ఆవురావురుమని తింటున్న బర్రె, వెనక నవ్వులు, "పాపం, ఎంత ఆకలి మీదుందో సూడు" అనే ఆడగొంతు. కింద 'మూగజీవాలకు అన్నదానం' అని రాసి ఉంది. దండాలు, ఎర్ర గుండెలు వరసకట్టాయి.

కృష్ణమ్మ రెండోసారి పెట్టించుకుని చూసింది.

"ఆకలి మీదున్నదా? నా బర్రెనా? నేను తినకున్న దానికి వెడ్తరా! దానికి రుచి దొరికింది, తిన్నది. ఉప్పూ నూనే వేసి ముందర వోస్తే ఏ పశువాగుతది? దానికి చాలనెవలు చెప్పాలె?"

చచ్చిపోతుందేమోనన్న భయం కన్నా ఆ ఆకలి మాట ఆమెను ఎక్కువగా కోసింది. అప్పటి నుంచి బర్రె దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లకూ తన బర్రె ఆకలి మీద లేదనే చెప్పింది.

మంగళవారం అసోసియేషన్ సెక్రటరీ నరసింహమూర్తి వచ్చాడు. రిటైరైన మనిషి, మర్యాదస్తుడు. చేతిరుమాలు ముక్కుకు పెట్టుకునే మర్యాదగా మాట్లాడాడు.

"కృష్ణమ్మగారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఈ వాసన భరించలేకపోతున్నాం. కొట్టం కడిగిన నీళ్లన్నీ మా గేటు ముందుకే వస్తున్నాయి."

"మీ బగారన్నమే సారూ. మొన్న అట్లకెళ్లి ఇటొచ్చింది, ఇప్పుడు ఇట్లకెళ్లి అటొస్తున్నది."

గోవర్ధన్ నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాడు. నరసింహమూర్తి మాత్రం ఆగలేదు. మంచి మనసుతో చేసిన పనిని ఇంత రాద్ధాంతం చేయకూడదన్నాడు. సిటీ పెరిగిపోయింది కదా, కాలనీలో పశువులేమిటన్నాడు. అమ్మేస్తే అందరికీ మంచిదన్నాడు. ఇదే పెద్దమనిషి కొత్తగా దిగిన రోజుల్లో ఆమె చల్లకు గిన్నె పంపేవాడు, ఎండాకాలమంతా పంపాడు. ఆ సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం లేనంతగా ఆయనకే గుర్తున్నట్టుంది, ఎక్కువసేపు నిలబడలేదు.

పోతున్న ఆయన వీపుకు మాత్రం ఒక్క మాట తగిలించింది: "మీ మనుమనికి గంగాళం నిండ అన్నం వెట్టి వీడియో దియ్యున్రి సారూ. నేను దండాలు వెడ్త."

సాయంత్రం స్వర్ణలత వచ్చింది. జనగామ దగ్గర ఊరి పిల్ల, ఉప్పల్‌లో ఒక ఆఫీసులో పని. ఏడ్చి వచ్చినట్టు ముఖం ఉబ్బి ఉంది. కృష్ణమ్మ ఆమెకు పీట వేయలేదు.

"అవ్వా, తప్పయింది. అన్నం పారేస్తే పాపమని గట్ల జేసిన. మా నాయినమ్మకు గూడ బర్రె ఉండె. చిన్నప్పుడు నా చేతులతోనే అన్నం వెట్టేదాన్ని."

"ఎంత వెట్టేదానివి?"

"ముద్ద."

"మొన్నెంత వెట్టినవ్?"

స్వర్ణలత చీర కొంగు నలుపుకుంది.

"ముద్ద యాదికున్నది గాని ముద్దంత అనేది యాదికి లేదు. ఊర్ల పుట్టినదానివే గదనే నువ్వు! పట్నమోళ్లయితే తెల్వక జేసిన్రనుకుంటుంటి."

డాక్టరు ఖర్చు తాను పెట్టుకుంటానని స్వర్ణలత అంది. కృష్ణమ్మ వద్దంది. వీడియో తీసేయమంది. ముఖ్యంగా ఆ ఆకలి మాట తీసేయమంది. స్వర్ణలత అక్కడే నిలబడి తీసేసింది. అప్పటికి అది ఎన్ని గ్రూపులు దాటిపోయిందో ఆమెకూ తెలియదు.

ఇల్లంటేనే రెండు అభిప్రాయాలు. గోవర్ధన్‌ది మరొకటి. బుధవారం వాడు పశువులు కొనే బేరగాణ్ణి పిలిచాడు. తల్లికి చెప్పే పిలిచాడు.

"అమ్మా, ఒక్క పూట నువ్వు లేకుంటే గిట్లయింది. రేపు మనుమడో మనుమరాలో వస్తది. నువ్వు కోడలి దగ్గరుండాలె. కొట్టానికి కాపలా ఎవలుంటరు? ప్యాకెట్ పాలు దాగి మంది బతుకుతలేరా?"

వాడిది తప్పని అనలేం. షిఫ్టులు చేసేవాడికి బర్రె కాపలా కుదరదు. ఆ మాట కృష్ణమ్మకూ తెలుసు. అందుకే వాడిని తిట్టలేదు. బేరగాడు కొట్టంలోకి వచ్చి, పడి ఉన్న బర్రె పక్కటెముకలు తడిమి, ఇది పాలకు పనికిరాదని, దేనికి పనికొస్తుందో చెప్పబోయాడు. కృష్ణమ్మ వాడిని చివరి మాట దాకా పోనివ్వలేదు.

"నడువ్ బయటికి. మంది దాన్ని సంపినంత పని జేసిన్రు. మిగిలింది నా చేతులతోని చెయ్యాల్నా?"

వాడు పోయాక కొడుకు వైపు తిరిగింది. "నేను ఉన్నన్ని దినాలు ఉంటది. తరువాత నీ ఇష్టం రా. కానీ వాళ్లు పాడు జేసిన్రని మాత్రం దాన్ని అమ్ముకోను. గది జరగదు."

గురువారం పొద్దెక్కాక బర్రె లేచింది. మొదట వెనక కాళ్లు, కాసేపటికి ముందు కాళ్లు. లేచి వణికింది. ఎండుగడ్డి పోచ ఒకటి నోట పెట్టుకుని చాలాసేపు అలాగే ఉంచుకుంది. మధ్యాహ్నానికి నెమరు వేసింది. కృష్ణమ్మ కొట్టంలోనే కూలబడి, మొదటిసారి ఏడ్చింది. ఏడుస్తూనే అపార్ట్‌మెంట్‌ను అంతస్తుల వారీగా తిట్టింది.

శుక్రవారం ఆమె వెళ్లి నీలం డ్రమ్మును దొర్లించుకుంటూ తెచ్చేసుకుంది. గేటు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు ఆపి, మరి చెక్కులు ఎక్కడ వేయాలని అడిగారు. మున్సిపాలిటీ బండికి వేయమంది. బండి రోజూ రావడం లేదు కదా అన్నారు. "వస్తలేదా? అయితే వీడియో దీసి పెట్టున్రి," అని ముందుకు దొర్లించింది.

కుడితికి ఇప్పుడు తవుడు రెట్టింపు కొనాలి. కొట్టానికి గోవర్ధన్ తడిక తీసి ఇనుప తలుపు పెట్టించాడు. తాళంచెవి ఆమె నడుముకు ఉంది. ఇవాళ పొద్దున పితికితే లీటరున్నర వచ్చింది. మొన్నటిదాకా ఆరు. సూదుల మందు పోయేదాకా ఆ పాలు వాడొద్దని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి పెరట్లో పారబోసింది. పొద్దున్నే గిన్నె పట్టుకుని గోడ దగ్గరికొచ్చిన నాలుగో అంతస్తు ఆమెను ఉత్త గిన్నెతోనే పంపించింది.